పసరు, పసుపు, కాలేయం

సభకు నమస్కారం. మైలాపూరు మాడవీధుల్లో కరిసలాంకన్ని అని అడిగి మనం కొనుక్కునేది గుంటగలగరాకే. ఇక్కడివారు కీళానెల్లి అనేది మన నేల ఉసిరి. భాష ఏదైనా నమ్మకం మాత్రం ఒకటే: కామెర్లకు ఈ ఆకుల పసరు మందు. రసాయనాల వల్ల కాలేయానికి కలిగే హాని విషయంలో ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఈ సాయంత్రం మనవి చేస్తాను.

ఈ పరిశోధనల్లో ఎక్కువగా వాడిన విషం కార్బన్ టెట్రాక్లోరైడ్, ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగుకు వాడిన ద్రావకం. కాలేయంలోని సి.వై.పి. 2ఇ1 అనే ఎంజైము దానిని ట్రైక్లోరోమిథైల్ రాడికల్‌గా, అంటే తగిలిన ప్రతిదానితో చర్య జరిపే అణువు ముక్కగా, మార్చిన తరువాతే అసలు విధ్వంసం మొదలై, కణాల పొరల్లోని కొవ్వు వరుసగా చెడిపోతుంది. మన ఇళ్లలో ఉండే పారాసెటమాల్ కథ కూడా ఇటువంటిదే. దానిలో కొంత భాగం కాలేయంలోనే విషపదార్థంగా మారుతుంది. కాలేయ కణాల్లో నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానిని ఎప్పటికప్పుడు పట్టి నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మితిమీరి ఆ నిల్వ అడుగంటితే కణాలు చనిపోతాయి.

నేల ఉసిరి, గుంటగలగర, పసుపు ముందుగా తినిపించిన ఎలుకలకు ఆ ద్రావకం ఇచ్చినప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైములు అంతగా పెరగలేదని ఎన్నో ప్రయోగాలు చూపాయి. ఇక్కడ ‘ముందుగా’ అన్న మాటను నేను ఒత్తి పలుకుతున్నాను. విషం తగలబోతున్నదని తెలిసి పసరు తాగేవారెవరు? పైగా, ఆ సారం 2ఇ1 ఎంజైమును అణచివేసినా రాడికల్ తక్కువగా పుడుతుంది కనుక, చూసేవారికి అదీ రక్షణగానే కనిపిస్తుంది. పారాసెటమాల్ అతిగా మింగినవారికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్. అది 8 గంటలలోపు అందితే బాగా పనిచేస్తుంది. ఆ గంటలను పసరు కోసం పోగొట్టుకోకూడదు.

ఇది రసాయనం కాదు, వైరస్ సంగతే అయినా, మన నగరపు ముచ్చట కనుక చెబుతాను. హెపటైటిస్ బి ఉన్నవారికి నేల ఉసిరి ఇవ్వగా 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ కనిపించలేదని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచమంతా ఆశపడింది, తరువాత ఇతర చోట్ల జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు.

పసుపులోని కర్క్యుమిన్‌ను మన పేగులు సరిగా పీల్చుకోవు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరే పాళ్లు మనుషులలో 20 రెట్లు పెరిగాయి. ఆ కిటుకునే పట్టుకొని మాత్రలు వచ్చాయి. అటువంటి పసుపు మాత్రలు మింగినవారిలో కాలేయం వాచి కామెర్లు వచ్చిన ఉదంతాలు అమెరికాలో నమోదయ్యాయి. మిరియాల చారులో చిటికెడు పసుపుకు ఆ భయం లేదు.

విచిత్రమేమిటంటే, మనుషులలో కాలేయానికి మేలుగా ఎక్కువ ఆధారాలున్న మొక్క కాఫీ. కాఫీ తాగేవారిలో సిర్రోసిస్ అనే కాలేయం గట్టిపడే జబ్బు, కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. అవి పరిశీలనలే కనుక కాఫీయే కారణమని నేను తీర్పు చెప్పను. ఫిల్టర్ కాఫీలో మనం వేసుకునే చక్కెర లెక్క వేరు.