స్టెంట్ వేశాక ట్రోపోనిన్ రిపోర్ట్ ఎలా చదవాలి

అందరికీ నమస్కారమండి, నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మన గజపతి జిల్లా వాళ్లం స్టెంట్ అంటే బరంపురమో విశాఖో వెళ్తాం, తిరిగొచ్చాక ఆ ఫైల్ పట్టుకుని మా కౌంటర్ దగ్గరకొచ్చి "బాబూ, ఇదేటి ఇంతుంది" అని అడుగుతారు.

మొన్న ఒకావిడ వాళ్లాయన ట్రోపోనిన్ రిపోర్టులు రెండు తెచ్చింది, ఇదిగో ఇలాంటివే, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా చూడండి. దీంట్లో 0.04, దీంట్లో 40. వెయ్యి రెట్లు పెరిగిపోయిందని ఆవిడ చేతులు వణికిపోతున్నాయి పాపం. ఏమీ పెరగలేదమ్మా! అంకె పక్కన చూడండి, ఇది మిల్లీలీటర్‌కి నానోగ్రాములు, అది లీటర్‌కి, రెండూ ఒకటే లెక్క. ఇంకోటి, ట్రోపోనిన్ ఐ, ట్రోపోనిన్ టీ వేరువేరు, ఒకదాంతో ఒకటి పోల్చకండి.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీన్, కండరం దెబ్బతింటే రక్తంలోకొస్తుంది. స్టెంట్ వేసేటప్పుడు రక్తనాళంలో చిన్న బెలూన్ ఊదుతారు, అప్పుడు కాసేపు రక్తం ఆగుతుంది కదా, అందుకే స్టెంట్ తర్వాత కొంచెం పెరగడం చాలామందిలో కనిపిస్తుంది, ఆ కొంచానికే ఆయుష్షు తగ్గిపోయిందని ఏడవక్కర్లేదు. ముందు నార్మల్‌గా ఉండి, తర్వాత నార్మల్ పై లిమిట్‌కి 5 రెట్లు దాటి, దాంతోపాటు ఈసీజీలోనో, ఎకో లాంటి గుండె స్కాన్‌లోనో, యాంజియోగ్రామ్‌లోనో తేడా కనిపిస్తేనే ప్రొసీజర్ వల్ల వచ్చిన హార్ట్ ఎటాక్ అంటారు, 2018లో ఒప్పుకున్న లెక్క ఇది, బైపాస్‌కైతే 10 రెట్లు. గుండె కండరం దెబ్బతింటే పెరిగే ఇంకో ఎంజైమ్ సీకే-ఎంబీ కూడా 10 రెట్లు అలా పెరిగితే తర్వాతి ఏళ్లలో రిస్క్ ఎక్కువ, అది డాక్టర్ సీరియస్‌గానే చూస్తారు.

కానీ నా మాట వినండి, అసలు దాచుకోవాల్సింది స్టెంట్‌కి ముందు తీసిన రిపోర్ట్. అప్పటికే ట్రోపోనిన్ ఎక్కువుందంటే గుండె ముందే దెబ్బతిని ఉందన్నమాట, ముందు ముందు ఎలా ఉంటుందో తర్వాత పెరిగే ఆ కొంచెం కన్నా ఇదే ఎక్కువ చెప్తుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష రిపోర్ట్ ఉంటే అదీ దాచండి, గుండె మీద ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పేది అదే. మన పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ఉంది, అక్కడి చుట్టాలెవరికైనా కిడ్నీ జబ్బుంటే ఈ రెండూ తరచూ కాస్త ఎక్కువే చూపిస్తాయి, అందుకే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కాయితం కూడా పక్కనే పెట్టి డాక్టర్‌కి చూపించండి.

రిపోర్ట్ బాగుంది కదా అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, యాస్పిరిన్ మాత్రలు మీకు మీరే ఆపేయొద్దు, స్టెంట్‌లో గడ్డ కట్టేయొచ్చు. ఛాతీలో నొప్పొస్తే మాత్రం ఈ కాయితాలేవీ చూస్తూ కూర్చోకండి, మా ల్యాబ్‌కీ రాకండి, 108కి ఫోన్ చేయండి.