బిగిస్తే పెరిగాను, వదులు చేస్తే తగ్గాను

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మాట్లాడమని అడిగినప్పుడు ముందు వద్దన్నాను. నేను డాక్టర్ని కాను. బ్యాంకులో కూర్చుని ఊళ్లోవాళ్ల లెక్కలు రాసి, 2024లో రిటైరైన మనిషిని. కాకపోతే బరువు తగ్గడానికి వేయించుకున్న ఒక సిలికాన్ పట్టీ 2010 నుంచి నా కడుపులో ఉంది, దాన్ని గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటారు. రోజూ మీతో పాటు కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడుస్తున్నాను కదా, "ఆవిడ లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుందట, మళ్లీ ఒళ్లొచ్చేసింది చూడు" అనే గుసగుసలు నాకూ వినపడ్డాయి. ఎవరన్నారో చెప్పను. ముందు వరసలోనే ఉన్నారు.

మళ్లీ ఒళ్లెందుకొచ్చింది అన్న ఆ ప్రశ్నకే ఇవాళ జవాబు చెబుతాను.

గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటే ఏమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఈ ఆపరేషన్ చేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. బరువు తగ్గే ఆపరేషన్ అంటే అందరూ స్లీవ్ అంటున్నారు, బైపాస్ అంటున్నారు. వాటిలో పొట్టను కోస్తారు. బ్యాండ్‌లో ఏదీ కొయ్యరు. పొట్ట పైభాగం చుట్టూ, అన్నవాహిక కలిసే చోటికి కాస్త కింద, ఉంగరంలా ఒక పట్టీ వేస్తారు. దాని లోపలి అంచున చిన్న బుడగ ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం వచ్చి చర్మం కింద ఒక చిన్న బిళ్లలో కలుస్తుంది. ఆ బిళ్లలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది.

మన బీచ్‌లో ఉన్న జలాంతర్గామి కూడా ఇంతే, ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుంటే మునుగుతుంది, బయటికి తోసేస్తే తేలుతుంది. తమాషా ఏమిటంటే కురుసుర నేవీ నుంచి రిటైరైన 2001లోనే అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఈ బ్యాండ్‌ను ఒప్పుకుంది. ఒకదాన్ని కడుపులో పెట్టుకుని రెండోదాని పక్కన నడిచేది ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అనుకుంటా.

నాకు ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. అప్పుడు 108 కిలోలు. షుగరు అప్పుడే మొదలైంది, మోకాళ్లు మెట్లెక్కనిచ్చేవి కావు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలకొకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లడం, కొంచెం సెలైన్ ఎక్కించుకోవడం, మళ్లీ రాత్రికి రైలెక్కడం. రెండేళ్లలో 76కు వచ్చాను. పాత జాకెట్లన్నీ రెండు కుట్లు లోపలికేయించాను. అప్పుడు ఇలాంటి సభ పెట్టి ఉంటే కాలరెగరేసి మాట్లాడేదాన్ని.

తర్వాత ఏమైందో చెప్పేముందు, నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది. బ్యాండ్ అంటే గొంతు దగ్గర కట్టిన ఆనకట్ట అనుకున్నాను. అన్నం పైనే ఆగిపోతుంది, కిందికి దిగదు, అందుకే సన్నబడతాం అని నా లెక్క. అది తప్పు. బ్యాండ్ సరైన బిగువులో ఉంటే, నమిలిన ముద్ద ఒక్కొక్కటీ దాన్ని దాటి వెళ్లిపోతుంది. కాకపోతే అన్నవాహిక ఆ ముద్దను దాటించడానికి కొన్నిసార్లు నొక్కాలి. దానికి ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. ఆ నొక్కుడుకి అక్కడున్న నరాల కొసలు కదులుతాయి, కడుపునీ మెదడునీ కలిపే వేగస్ నరం గుండా 'చాలు' అన్న కబురు మెదడుకి వెళ్తుంది. అంటే ఇది అన్నాన్ని ఆపే గోడ కాదు, ఆకలిని నెమ్మదింపజేసే కబురు. కబురు చేరాలంటే ముద్దకూ ముద్దకూ మధ్య సందు ఉండాలి. గబగబా తింటే ముద్దలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, బ్యాండ్‌కి పైన ఉన్న కాస్త పొట్ట సాగుతుంది.

ఇది తెలియక నేనేం చేశానంటే, 2013 తర్వాత ఆకలి మళ్లీ మొదలైనట్టు అనిపించగానే "ఇంకొంచెం బిగించండి" అని అడిగాను. బిగించారు. మళ్లీ అడిగాను. మళ్లీ బిగించారు. నా బ్యాండ్‌లో మొత్తం పట్టేది పది మిల్లీలీటర్లు. ఎనిమిదిన్నర దాకా తీసుకెళ్లాం. ఆ మధ్యలో నన్ను చూసే డాక్టరు ఊరు మారారు, నేనూ రైలెక్కడం మానేశాను. మూడేళ్లు ఎవరికీ చూపించుకోలేదు.

బిగువు ఎక్కువైతే ఏమవుతుందో వినండి. పొద్దున దోసె దిగదు. (బ్యాండ్ ఉన్న చాలామందికి పొద్దుటిపూట మరీ బిగువుగా ఉంటుంది.) చపాతీ దిగదు. కోడికూరలో ముక్క దిగదు. ములక్కాడ పీచు సరేసరి, దాని సంగతి ఇక్కడ చెబితే బాగోదు. రెండుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాక మనిషికి తెలివి వచ్చేస్తుంది, ఏది జారుతుందో అదే తినడం మొదలుపెడతాడు. ఏం జారుతుంది? ఐస్‌క్రీమ్ జారుతుంది. మాడుగుల హల్వా, ఆహా, నేతిలో తేలుతూ అది జారినంత సుఖంగా ఇంకేదీ జారదు. పూతరేకు నోట్లోనే మాయమైపోతుంది. చెరుకురసం, మిల్క్‌షేక్, బూస్టు. మురీ మిక్చర్ కూడా నమిలితే పిండే కదా. గుడ్డు, చేప, కూరలు తినలేని మనిషిని, నేతి హల్వా అరపావు ఇట్టే తినేస్తున్నాను. ఇంట్లోవాళ్లేమో "పాపం, ఏమీ తినలేకపోతోంది, ఆ కాస్త స్వీటైనా తిననీయండి" అని జాలిపడేవారు.

పైగా అప్పుడే భక్తి కూడా ఎక్కువైంది. ఒక ఏడాది ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, పూర్తిగా నడిచాను. దారి పొడుగునా పానకం, మజ్జిగ, ప్రసాదం ఇస్తూనే ఉన్నారు, నేను పుచ్చుకుంటూనే ఉన్నాను. మర్నాడు తూకం చూస్తే ముప్పావు కిలో పెరిగాను. అప్పన్న స్వామి మీద నింద వెయ్యను.

అలా 76 నుంచి 91కి వెళ్లాను. రాత్రిళ్లు పడుకుంటే పులితేన్పులు, దగ్గు. ఆ దగ్గుకి ఆయాసమేమోనని ఇన్‌హేలర్ కూడా వాడాను. చివరికి ఈ ఊళ్లోనే ఒక సర్జన్ దగ్గరికి వెళ్తే, ఆయన ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం అనే మందు మింగించి ఎక్స్‌రేలు తీసి, బ్యాండ్ జారలేదు, పైభాగం కొంచెం సాగింది, అన్నారు. సూది పెట్టి రెండు మిల్లీలీటర్లు తీసేశారు. నేను గాభరాపడ్డాను. "తీసేస్తే ఇంకా తినేస్తాను కదండీ?" అన్నా. "తినండి. కాకపోతే నమిలేవి తినండి" అన్నారాయన. దగ్గు వారంలో పోయింది. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాను. ఇప్పుడు 82. డెబ్భై ఆరుకి మళ్లీ రాలేదు, వస్తానని కూడా అనుకోవట్లేదు.

ఇక ఆకలి. దీని గురించి మన భాషకు తెలిసినంత నా పాత డైట్ షీట్లకు తెలియలేదు. ఆకలి వేరు, యావ వేరు, మొహమాటం వేరు.

ఆకలి రుచెరగదు అంటారు. నేను దాన్ని పరీక్షగా వాడుకుంటున్నాను. సాయంత్రం ఐదింటికి ఏదో తినాలనిపిస్తే, ఫ్రిజ్‌లో నిన్నటి బీరకాయ కూర ఉంది, తింటావా అని నన్ను నేను అడుగుతాను. తింటానంటే అది ఆకలి, కూర్చుని తింటాను. అబ్బే, వేడి పునుగులే కావాలి అంటే అది యావ. యావకు బ్యాండ్ ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే అది కడుపులో పుట్టింది కాదు. నాకైతే అది ఎక్కువగా టీవీ ముందు, కోడలితో మాటా మాటా అనుకున్నాక, లేకపోతే రాత్రి సరిగ్గా నిద్రపోని మర్నాడు వస్తుంది. వచ్చిందని తిట్టుకోవడం మానేశాను. వీధి చివరిదాకా నడిచొస్తాను, సగంసార్లు పోతుంది. మిగతా సగంసార్లు రెండు పునుగులు తింటాను.

నిజమైన ఆకలి మళ్లీ పెరగడం కూడా మన తప్పు కాదు. పొట్టలో పుట్టి ఆకలి వేయించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. బరువు తగ్గితే అది పెరుగుతుంది, పోయిన బరువును ఒళ్లు వెనక్కి అడుగుతుందన్నమాట. డైటింగ్‌తో తగ్గినవాళ్లలో ఏడాది తర్వాత కూడా ఈ ఆకలి హార్మోన్లు సర్దుకోలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. స్లీవ్‌లో గ్రెలిన్ ఎక్కువగా పుట్టే భాగాన్ని కోసేస్తారు. బ్యాండ్‌లో అది అలాగే ఉంటుంది. అందుకే బిగువు సరిగా ఉందో లేదో చూపించుకోవడం ఎప్పటికీ అయిపోదు. గొట్టం ఎక్కడో కారినా బ్యాండ్ దానంతటదే వదులైపోతుంది, బయటికేమీ తెలియదు, ఆకలి ఒక్కటే తెలుస్తుంది. భోజనం చేసిన గంటన్నరకే నకనకలాడితే మనసును తిట్టుకోకుండా ముందు బ్యాండ్‌ను అనుమానించాలి.

మొహమాటం సంగతి మీ అందరికీ తెలుసు. మొన్న శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్తే మా ఆడపడుచు కూతురు, "ఏటి అత్తా, పిట్టలా తింటన్నావు, మా వంట బాగోలేదేటి?" అని గరిటెడు పులిహోర వేసేసింది. వెనకటి రోజుల్లో తినేసి, పెరట్లోకి వెళ్లి కక్కుకునేదాన్ని. ఇప్పుడు ఆకు మీద ఉంచేస్తాను. నాకు 'చాలు' అన్న కబురు తుమ్ము రూపంలో వస్తుంది. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి ముక్కు కారడం, గుండెల మీద చిన్న బరువు. ఆ తుమ్ము వచ్చాక ఒక్క ముద్ద తిన్నా అది ఎక్కువే. ఆ సంగతి పిల్లకి చెప్పాను. అప్పట్నుంచి పెళ్లిలో నేనెప్పుడు తుమ్ముతానా అని పిల్లలంతా చూస్తూ కూర్చున్నారు.

తినే పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. చిన్న పళ్లెం. ముందు చేపో, గుడ్డో, పప్పో. నాకు కానాగంతల పులుసు హాయిగా దిగుతుంది, రొయ్యలు రబ్బరులా అడ్డుపడతాయి. ఒక ముద్ద బాగా నమిలి, మింగి, చెయ్యి పళ్లెంలోంచి తీసేసి కాసేపు ఆగడం. ఇరవై నిమిషాలకు లేచిపోవడం, పళ్లెంలో ఉన్నా సరే. తింటూ నీళ్లు తాగను, సోడాలు అసలే తాగను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బ్యాండ్ ఉన్నవాళ్లకు మంచినీళ్లు, చివరికి ఉమ్ము కూడా దిగకపోయినా, కడుపులో గట్టి నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా రేపు చూద్దాం అనొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి సెలైన్ తీయించాలి. రోజుల తరబడి వాంతులైతే బి1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతినొచ్చు, అది కూడా డాక్టరుకు గుర్తు చెయ్యండి.

చీటీలు రెండు వచ్చాయి. మొదటిది, "ఇప్పుడు వారానికో ఇంజెక్షన్ వచ్చిందట కదా, అది వేసుకోవచ్చు కదా?" వచ్చింది, 2025లో మౌంజారో, వీగోవీ రెండూ మన దేశంలో అమ్మకానికొచ్చాయి. బరువు మళ్లీ పెరిగినవాళ్లకు డాక్టర్లు వాటిని రాస్తున్నారు. నన్నూ అడిగారు. ధర విని ఆలోచిస్తానన్నాను, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. స్నేహితుడి ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసుకుని మందుల షాపుకి మాత్రం వెళ్లకండి.

రెండో చీటీ, "బ్యాండ్ తీయించేస్తారా?" చేతిరాత ముందు వరసదే. జారితేనో, పొట్ట గోడను కోసుకుని లోపలికి పోతేనో తీయక తప్పదు, కొందరికి తీసి స్లీవో బైపాసో చేస్తారు. నాది ఇప్పటికి చోటునే ఉంది. వచ్చే నెల మళ్లీ బేరియం పరీక్ష ఉంది. ఆ బేరియం సుద్దనీళ్లలా ఉంటుంది, అది కూడా భలే జారుతుంది.