అమెరికాలో అరెస్ట్ రికార్డు ఎవరైనా చూడొచ్చు: టెక్సస్ కౌంటీల్లో ఎలా వెతకాలి?

[తెర మీద: టెక్సస్ మ్యాప్. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీలు రంగులో]

నమస్తే. టెక్సస్‌లో పోలీసులు ఒక మనిషిని అరెస్ట్ చేస్తే ఆ సంగతి గుట్టుగా ఉంచే వీలు వాళ్లకు లేదు. పేరు, వయసు, ఎప్పుడు ఎక్కడ పట్టుకున్నారు, ఏ నేరం కింద, పట్టుకున్న ఆఫీసర్ ఎవరు, బాండ్ (అంటే బెయిల్ పూచీ) వివరాలేంటి... ఇవన్నీ అడిగిన వాళ్లకు చెప్పాలి. అడగడానికి మీరు ఆ మనిషికి చుట్టం కానక్కర్లేదు, అమెరికా పౌరులూ కానక్కర్లేదు. మీకెందుకని వాళ్లు ఎదురు అడగడానికి కూడా లేదు.

ఇది విన్న మనవాళ్లు చాలామంది ఉలిక్కిపడతారు. "మరి మనిషి పరువేం కావాలి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో చూద్దాం.

1970ల మొదట్లో టెక్సస్‌లో షార్ప్స్‌టౌన్ కుంభకోణం బయటపడింది. బ్యాంకు, షేర్లు, పెద్ద పెద్ద నాయకులు. ఆ కోపంలో నుంచే 1973లో ఓపెన్ రికార్డ్స్ చట్టం పుట్టింది. ఇప్పుడు దాన్ని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ అంటున్నారు. దర్యాప్తు కాగితాలను పోలీసులు దాచుకోవచ్చని అందులో ఒక మినహాయింపు ఉంది. మరి అరెస్ట్ వివరాల మాటేంటి? ఈ తగాదా హ్యూస్టన్ క్రానికల్ పత్రికకూ హ్యూస్టన్ నగరానికీ మధ్య కోర్టుకెక్కింది. 1975లో అప్పీల్ కోర్టు గీత గీసింది: సాక్షుల వాంగ్మూలాలు, దర్యాప్తు నోట్లు లోపల ఉంచుకోవచ్చు, అరెస్ట్‌కు సంబంధించిన ప్రాథమిక సమాచారం మాత్రం జనానిదే. ఆ తర్వాత అదే మాట చట్టంలోకి కూడా ఎక్కింది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఈ రికార్డు బహిరంగంగా ఉండటం వల్ల మొదటి లాభం అరెస్టయిన మనిషికే. రాత్రికి రాత్రి ఒకణ్ని తీసుకెళ్లి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు తెలియకుండా చేస్తే ఆ మనిషికి దిక్కెవరు? మన దగ్గర కూడా ఈ ఆలోచన ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్లో, జిల్లా కేంద్రంలో అరెస్టయినవాళ్ల వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. డిజిటల్‌గా కూడా పెట్టొచ్చు. మీ ఊరి స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఆ బోర్డు ఉందో లేదో ఒకసారి చూడండి.

[తెర మీద: ఫ్రిస్కో పట్టణం, మధ్యలో రెండు కౌంటీల సరిహద్దు గీత]

సరే, వెతకడం మొదలుపెడదాం. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఏ కౌంటీ అని. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా అనుకోండి. టెక్సస్‌లో 254 ఉన్నాయి. ఒక్కో కౌంటీకి షెరిఫ్ అనే ఒక పోలీసు అధికారి, మామూలుగా ఒక జైలు, సొంత కోర్టు రికార్డులు. అన్నిటినీ కలిపి చూపించే ఒకే ఒక్క ప్రభుత్వ జైలు లిస్టు కోసం వెతికితే టైమ్ వృథా.

మనవాళ్లు చాలామంది ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి. ఆ ఊరు సగం కాలిన్ కౌంటీలో ఉంది, సగం డెంటన్ కౌంటీలో ఉంది. ప్లేనో చాలావరకు కాలిన్‌లోకి వస్తుంది, ఇర్వింగ్ డాలస్ కౌంటీలోకి వస్తుంది. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. మనిషి ఇల్లు ఎక్కడుందో ఆ కౌంటీలో వెతుకుతారు. చూడాల్సింది ఇల్లు కాదు, ఎక్కడ అరెస్ట్ చేశారు అన్నది. ఇర్వింగ్‌లో ఉండే కుర్రాణ్ని ప్లేనోలో ఆపితే కాలిన్ కౌంటీలో చూడాలి. వేరే కౌంటీలో పాత వారెంట్ ఉంటే అక్కడికి కూడా తరలించొచ్చు కాబట్టి రెండూ చూడండి.

కౌంటీ తెలిశాక నేరుగా ఆ షెరిఫ్ ఆఫీసు సైట్‌కి వెళ్లండి. జైల్ సెర్చ్ అనో, ఇన్మేట్ సెర్చ్ అనో ఉంటుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. గూగుల్‌లో "కౌంటీ అరెస్ట్ రికార్డ్స్" అని కొడితే పైన వచ్చేవి చాలావరకు ప్రైవేటు సైట్లే. "రిపోర్ట్ రెడీ అవుతోంది" అని గిర్రున తిప్పి, చివర్లో క్రెడిట్ కార్డ్ అడుగుతాయి. ఏ సైట్ తెరిచినా అది నిజంగా కౌంటీదేనా అని అడ్రస్ చూసుకోండి.

[తెర మీద: ఖాళీ సెర్చ్ పేజీ. లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్, పుట్టిన తేదీ గడులు]

ఇక్కడ మన పేర్లతో పెద్ద తంటా ఉంది, దీని మీద కొంచెం సేపు ఆగుదాం.

శ్రీనివాస్ అనే పేరే చూడండి. ఒకాయన ఎస్ ఆర్ ఐ అని రాస్తాడు, ఇంకొకాయన ఎస్ ఆర్ డబుల్ ఈ, మరొకాయన ఎస్ హెచ్ ఆర్ ఐ. లక్ష్మి అయితే కే ఎస్ హెచ్‌తో రాసేవాళ్లున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు. మనం పిలిచే పేరు సాయి అయితే, పాస్‌పోర్ట్‌లో ఉన్నది వెంకట సాయి లక్ష్మీ నరసింహారావు. జైల్లో బుకింగ్ దగ్గర, అంటే వివరాలు నమోదు చేసే చోట కూర్చున్న ఉద్యోగి లైసెన్స్ చూసి ఏ ముక్కను ఏ గడిలో వేస్తే అదే రికార్డు. పైగా కొందరికి పాస్‌పోర్ట్‌లో పేరంతా సర్‌నేమ్ గడిలోనే ఉంటుంది. వాళ్ల వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ ఎన్ యు అని పడుతుంది, మొదటి పేరు తెలియదని అర్థం. అలాంటి మనిషి జైలు లిస్టులో కూడా ఎఫ్ ఎన్ యు పేరుతోనే ఉండొచ్చు!

అందుకని పూర్తి పేరు కొట్టి, రాలేదని వదిలేయొద్దు. లాస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు మొదటి మూడు నాలుగు అక్షరాలే వేయండి. చాలా సైట్లు దానికి సరిపోయేవన్నీ చూపిస్తాయి. రాకపోతే ఇంటిపేరును ఫస్ట్ నేమ్‌లో, అసలు పేరును లాస్ట్ నేమ్‌లో పెట్టి తిరగేయండి. పుట్టిన తేదీ అడిగే సైట్లలో నెల ముందు, తేదీ తర్వాత అని గుర్తుంచుకోండి. మన అలవాటులో వేస్తే ఏమీ రాదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పేరు దొరికింది కదా అని ఇతనే అనుకోకండి. డాలస్ చుట్టుపక్కల ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న రెడ్లు, రావులు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. వయసు, పుట్టిన తేదీ, ఫొటో కలిస్తేనే నమ్మండి. వేరేవాడి రికార్డును మనవాడికి అంటగడితే పోయేది ఒక అమాయకుడి బతుకు.

సరైన పేరుతో కొట్టినా దొరకలేదా? అప్పుడే కంగారు పడొద్దు. వేలిముద్రలు, ఫొటో, కాగితాలు, ఈ బుకింగ్ అంతా అయ్యేసరికి గంటలు పట్టొచ్చు. ఆ తర్వాతే పేరు ఆన్‌లైన్‌లోకి వస్తుంది. కొన్ని ఊళ్లలో ముందు సిటీ జైల్లో ఉంచి, తర్వాత కౌంటీకి పంపుతారు. కాబట్టి సిటీ పోలీసులకు కూడా ఫోన్ చేయండి. టెక్సస్ చట్టం ప్రకారం అరెస్టయిన మనిషిని 48 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, బెయిల్ సంగతి అక్కడ తేలుతుంది. ఈలోపే బాండ్ మీద బయటికొచ్చేస్తే లోపల ఉన్నవాళ్ల లిస్టులో పేరు కనబడకపోవచ్చు.

అసలు కౌంటీ లిస్టులో ఎప్పటికీ కనబడని కేసులు కూడా ఉన్నాయి. ఇమిగ్రేషన్ వాళ్లు, అంటే ఐస్, పట్టుకుంటే దానికి వేరే డిటెయినీ లొకేటర్ ఉంది. అందులో ఏ-నంబర్‌తోనైనా (ఇమిగ్రేషన్ వాళ్లు విదేశీయులకు ఇచ్చే నంబర్) వెతకొచ్చు, పేరు, పుట్టిన దేశంతోనైనా వెతకొచ్చు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. అది ఇమిగ్రేషన్ కూడా చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్లే పెట్టిన నకిలీ యూనివర్సిటీ. అందులో చిక్కుకున్న విద్యార్థుల్లో చాలామంది తెలుగువాళ్లే. విద్యార్థులను పట్టుకున్నది సివిల్ ఇమిగ్రేషన్ ఉల్లంఘన కింద. వాళ్లను చేర్పించారన్న ఆరోపణతో 8 మంది మీద పెట్టింది మాత్రం ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ క్రిమినల్ కేసు. ఒకే సంఘటనలో రెండు దార్లు, ఏదీ కౌంటీ కోర్టు కేసు కాదు. ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ అనే సైట్లో దొరుకుతాయి. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఆ ఫీజు కూడా ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. "మీ అబ్బాయిని అరెస్ట్ చేశాం, వెంటనే డబ్బు పంపండి" అని ఫోన్ చేసే మోసగాళ్లు ఉన్నారు. జైలు లిస్టు అందరికీ కనబడుతుంది కాబట్టి, అందులోంచి నిజమైన పేరు, కేసు వివరాలు పట్టుకుని ఇంటికి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. వివరాలు కరెక్ట్‌గా చెప్పారని నమ్మేయొద్దు. ఫోన్ పెట్టేసి, షెరిఫ్ సైట్లో ఉన్న నంబర్‌కి మీరే చేయండి. గిఫ్ట్ కార్డుల్లో, క్రిప్టోలో బెయిల్ కట్టమని ఏ జైలూ అడగదు.

[తెర మీద: ఎడమవైపు "జైలు రికార్డు", కుడివైపు "కోర్టు రికార్డు"]

మనిషి దొరికాడు. నేరం పేరు కనబడింది. మనవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. జైలు లిస్టులో ఉన్నది పోలీసులు ఆ రోజు రాసిన ఆరోపణ, అంతే. కేసు పెట్టాలా వద్దా అని తేల్చేది ప్రాసిక్యూటర్. ఆయన కేసే పెట్టకపోవచ్చు. పెద్ద నేరమని రాసిందాన్ని చిన్నదిగా మార్చొచ్చు. కేసు నడపాలా అని చూసే పౌరుల బృందం, గ్రాండ్ జ్యూరీ, "నో బిల్" అనొచ్చు, అంటే కేసు నడపడానికి తగిన ఆధారం లేదని. జడ్జి కొట్టేయొచ్చు. ఇవేవీ జైలు లిస్టులో ఉండవు, కోర్టు రికార్డులోనే ఉంటాయి.

కోర్టు రికార్డు కోసం మిస్‌డమీనర్, అంటే చిన్న నేరం అయితే కౌంటీ క్లర్క్ దగ్గర, ఫెలనీ, అంటే పెద్ద నేరం అయితే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర చూడాలి. మొదటిసారి తాగి బండి నడపడం మామూలుగా క్లాస్ బి మిస్‌డమీనర్. దుకాణంలో దొంగతనమైతే వస్తువు ఖరీదును బట్టి ఉంటుంది: 100 డాలర్ల లోపు క్లాస్ సి, 100 నుంచి 750 లోపు క్లాస్ బి, అక్కడి నుంచి 2,500 లోపు క్లాస్ ఎ. క్లాస్ సి కేసులు మునిసిపల్ కోర్టుకో, జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకో వెళ్తాయి. కేసు పేజీలో "డిస్పొజిషన్" అన్న మాట వెతకండి. కేసు చివరికి ఏమైందో చెప్పేది అదే. అక్కడ ఖాళీగా ఉంటే కేసు ఇంకా తేలలేదనే అనుకోవాలి.

ఆన్‌లైన్‌లో లేనిదాన్ని రాతపూర్వకంగా అడగొచ్చు. ఈమెయిల్ చాలు. పోలీసులనో షెరిఫ్‌నో "ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన అరెస్ట్ ప్రాథమిక సమాచారం ఇవ్వండి" అని రాయండి. ఏదైనా దాచాలనుకుంటే వాళ్లు 10 పని దినాల్లోపు రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌ను అడగాలి. కోర్టులు మాత్రం ఈ చట్టం కిందకు రావు, అక్కడ క్లర్క్ ఆఫీసునే అడగాలి. మైనర్ల రికార్డులు గోప్యం. కానీ టెక్సస్ క్రిమినల్ కేసుల్లో 17 ఏళ్లకే పెద్దవాళ్ల కింద లెక్క. హైస్కూల్ పిల్లలున్న తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

ఇప్పుడు పరువు ప్రశ్నకు వద్దాం. ఒక్కో కౌంటీ కాగితం విడివిడిగా బహిరంగమే, కానీ వాటన్నిటినీ పోగేసి ఎఫ్‌బీఐ తయారుచేసే నేరచరిత్ర పట్టిక అందరికీ ఇవ్వక్కర్లేదని 1989లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మీది మీరు తెప్పించుకోవచ్చు, ఫీజు 18 డాలర్లు. ఆ ముక్కలన్నీ పోగేసే పనిని ఇప్పుడు ప్రైవేటు సైట్లు చేస్తున్నాయి. అరెస్ట్ ఫొటోలు పెట్టి, తీసేయడానికి డబ్బు గుంజే సైట్లు కూడా పుట్టాయి. వాటిని కట్టడి చేయడానికి టెక్సస్ 2013లో చట్టం తెచ్చింది. ఉద్యోగాల కోసం బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే కంపెనీలకు ఫెడరల్ చట్టం హద్దు పెట్టింది. శిక్ష పడని అరెస్ట్ 7 ఏళ్లు దాటితే మామూలుగా రిపోర్టులో ఇవ్వకూడదు. జీతం 75,000 డాలర్లు, ఆ పైన ఉండే ఉద్యోగాలకు ఆ హద్దు వర్తించదు. మన ఐటీవాళ్లలో చాలామంది ఆ పైనే ఉంటారు.

కేసు పెట్టకుండా వదిలేసినా, నిర్దోషి అని తేలినా, కొన్ని రకాలుగా కొట్టేసినా ఎక్స్‌పంక్షన్ అడగొచ్చు. అంటే రికార్డును పూర్తిగా చెరిపేయమని కోర్టును కోరడం. ఇది దానంతట అది జరిగిపోతుందని ఊరుకోకండి. అర్హత ఉందో లేదో లాయర్‌తో చూపించుకోండి.

[తెర మీద: "వీసాదారులు ఇది తప్పకుండా వినండి"]

హెచ్-1బీ మీద, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. టెక్సస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్" అనే పద్ధతి ఉంది. నేరం ఒప్పుకుంటే జడ్జి తీర్పు ఆపి ప్రొబేషన్, అంటే షరతులతో బయట ఉండే గడువు ఇస్తాడు, అది సరిగ్గా పూర్తిచేస్తే కేసు కొట్టేస్తాడు. రాష్ట్ర చట్టం దృష్టిలో అది శిక్ష కాదు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. "ఒప్పేసుకుంటే త్వరగా అయిపోతుంది" అన్న మాట విని సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌తో తప్పకుండా మాట్లాడండి. శిక్ష సంగతి అలా ఉంచి, తాగి నడిపిన కేసులో అరెస్ట్ అయితేనే వీసా రద్దు చేసే అధికారం కాన్సులేట్లకు ఉంది.

వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా ఆ ప్రశ్నకు "లేదు" అని రాయకూడదు. "అవును" అని రాస్తే కేసు ఏమైందో కాగితం చూపించమంటారు. అందుకని ఎక్స్‌పంక్షన్‌కి అప్లై చేసేముందే క్లర్క్ ఆఫీసుకు వెళ్లి డిస్పొజిషన్ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. చెరిపేశాక మళ్లీ కావాలంటే క్లర్క్ దగ్గర కూడా ఆ కాగితం ఉండదు.