పాత కిటికీకి కొత్త గోడ

శ్రోతలకు నమస్కారం. కోనసీమ ఊళ్లలో మండువా లోగిలి ఒకటి విప్పుతున్నారంటే పెంకులు ఒక పక్క, దూలాలు ఒక పక్క, కిటికీలు ఓ మూల పోగు పడతాయి. దూలాలకు బేరం కుదురుతుంది. సింహద్వారానికైతే పోటీయే. కిటికీలు మాత్రం వానకు తడిసి తడిసి చివరికి పొయ్యిలోకి పోతుంటాయి. టేకు కిటికీని పొయ్యిలో పెట్టడమంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒకప్పుడు ఎగువ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి, గోదావరి మీదే రాజమహేంద్రవరం దించేవారు. అలా వచ్చిన కలప ఇది. అందుకే ఓ కిటికీని ఇంట్లో గోడకు అలంకారంగా ఎక్కించే సంగతి చెబుతాను.

ముందు చాకు మొనతో చట్రాన్ని అక్కడక్కడా గుచ్చి చూడండి. మెత్తగా దిగబడితే ఆ ముక్క పుచ్చిపోయినట్టే. సన్నటి చిల్లుల్లోంచి పిండిలా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. మన డెల్టాలో గాలికే చెమ్మ, అందుకని బాగా ఆరబెట్టి, చెదల మందు పూశాకే లోపలికి తేవాలి.

తర్వాత రంగు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. కాబట్టి పొడిగా గీకకండి, మంటపెట్టి ఊడదీయకండి. తడిపి, మాస్కు కట్టుకుని, ఆరుబయట ఉప్పు కాగితంతో రుద్దండి. పిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వొద్దు. పెచ్చులు లేచినంత మేర తీసేసి, మిగతాదాని మీద వార్నిష్ వేస్తే చాలు. నున్నగా గీకి కొత్తదానిలా మెరిపించాలంటే ఫర్నిచర్ షాపులో కొనుక్కోవచ్చుగా!

ఊచలతో కలిపితే బరువు బాగానే ఉంటుంది. ఒక్క మేకుకు తగిలిస్తే ఆగదు. యాంకర్ బోల్టులు వేయించి, కింద ఇనప యాంగిల్ ఆసరా పెట్టించండి. వానాకాలం చెమ్మ దిగే బయటి గోడ వద్దు, మంచం తలవైపు అసలే వద్దు. వెనక చెక్క బద్దలు పెట్టి, గాలి ఆడేలా కాస్త ఎడం ఉంచండి.

ఇక మీ ఇంటి ముద్ర. ఫొటోలు పెడితే నకళ్లు పెట్టండి, అసలువి బీరువాలో ఉంచండి. ఫొటో అద్దానికి ఆనకూడదు, చెమ్మకు అతుక్కుపోతుంది. మధ్యలో అట్ట చట్రం ఉండాలి. ఫొటోలకన్నా నాకు నచ్చేది నరసాపురం లేసు. మన ఆడవాళ్లు చేత్తో అల్లే ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముదురు రంగు గుడ్డ మీద తెల్లటి లేసు పరిచి ఊచల వెనక బిగిస్తే, అది మీ అమ్మమ్మ అల్లిందే అయితే, ఇంకో అలంకారం అక్కర్లేదు. 1986 గోదావరి వరద నీళ్లు ఆ కిటికీలో ఎంతవరకూ వచ్చాయో తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే అడిగి, చట్రం మీద అక్కడే చిన్న గీత, పక్కన ఆ సంవత్సరం చెక్కించండి. ఇంగ్లీషు సూక్తులు మాత్రం రాయించకండి, దయచేసి.

రెక్కల్ని మేకులు కొట్టి మూసేయకండి. బందులకు నాలుగు చుక్కల నూనె వేస్తే హాయిగా తెరుచుకుంటాయి. చట్రం లోతుగా ఉంటే వైఫై పెట్టె, దాని తీగలు ఆ రెక్కల వెనకే సర్దేయొచ్చు. సెలవు, నమస్కారం.