సముద్రం మీదికి 8×42 మంచిదా, 10×42 మంచిదా? రెండు శీతకాలాల తర్వాత నా రివ్యూ

నమస్కారం అండి. ఈ బల్ల మీద ఉన్న రెండు బైనాక్యులర్లను చూడండి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, బరువు కూడా దాదాపు ఒకటే. ఎడమ పక్కది 8×42, కుడి పక్కది 10×42. రెండు శీతకాలాలుగా వీటిని పడవల మీదికి మోసుకెళుతున్నాను. సముద్రపు పక్షులు, తిమింగలాలు చూడటానికి ఏది కొనాలని అడిగితే నా జవాబు ఎనిమిది. ఎందుకో చెబుతాను.

మొదటి అంకె, వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందున్న అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దుకాణంలో పది చేతికి తీసుకుంటే ఎనిమిది ఎందుకు కొనాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ముందు కొన్నది పదే.

మొదటి పరీక్ష విజయవాడలోనే చేశాను. సీతానగరం వైపు ఒడ్డున పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ప్రకాశం బ్యారేజీ వైపు చూశాను. రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, నీళ్ల మీద తిరుగుతూ ఒక్కసారిగా మునక వేసే నది టర్న్ పక్షులు కనిపించాయి. అక్కడ పదే గెలిచింది. టర్న్ పసుపుపచ్చ ముక్కు, దానిలో పట్టుకున్న చేపపిల్ల కూడా తేటగా కనిపించాయి. కాళ్ల కింద నేల కదలకపోతే పదికి తిరుగులేదు.

ఆ నమ్మకంతోనే డిసెంబరులో అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లాను. సాగర సంగమం దగ్గర తెలిసిన మత్స్యకారుల పడవ ఎక్కి, లైఫ్ జాకెట్ బిగించుకుని, తెల్లవారుతుండగా బయలుదేరాం. నది ప్రవాహం, సముద్రపు అల ఎదురెదురుగా తగిలే చోట పడవ కుదుపు ఎలా ఉంటుందో అక్కడికి వెళ్లినవారికి తెలుసు. పది కంటికి పెట్టాను. గల్ పక్షి చేటలో చెరిగిన గింజలా ఎగిరెగిరి పడింది. బొమ్మను ఎన్ని రెట్లు పెంచుతుందో చేతి వణుకునూ, పడవ కుదుపునూ అన్ని రెట్లే పెంచుతుంది. పైగా పదిలో కనిపించే ఆవరణ ఇరుకు. ఎగిరే పక్షి ఒకసారి జారిపోతే మళ్లీ దొరకదు. ఎనిమిది తీసుకున్నాక పక్షి కొంచెం చిన్నదైంది కానీ నిలిచింది.

ఆ నిలవడమే ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. మన తీరానికి చలికాలంలో గోధుమ తల గల్, నల్ల తల గల్ రెండూ వస్తాయి. గోధుమ తలది లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లలను చేసి ఇంత దూరం వస్తుంది. పేర్లలో రంగులున్నా ఈ కాలంలో రెంటి తలలూ తెల్లబడి, కన్ను వెనక ముదురు మచ్చ ఒక్కటే మిగులుతుంది. తేడా రెక్కల్లో ఉంది. నల్లటి రెక్క కొసల్లో తెల్ల చుక్కలుంటే గోధుమ తల గల్. రెక్క ముందు అంచు పొడవునా తెల్లటి పట్టీ మెరిస్తే నల్ల తల గల్. ఆ చుక్కలు ఒక్క క్షణం కనిపిస్తే చాలు, కానీ ఆ క్షణం బొమ్మ కదలకూడదు. కాస్పియన్ టర్న్‌తో ఈ తిప్పలు లేవు. గుంటూరు పండుమిరపకాయ అంత ఎర్రటి, లావాటి ముక్కుతో అది దూరం నుంచే తెలిసిపోతుంది.

వెలుగు సంగతి కూడా చూడాలి. 42ను 8తో భాగిస్తే 5.25, పదితో భాగిస్తే 4.2. కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం అది, మిల్లీమీటర్లలో. వేకువ మసకలో పెద్ద వలయమే మేలు. ఊగే పడవలో కన్ను ఆ వలయంలోంచి జారకుండా ఉండటం కూడా తేలిక.

ఇక తిమింగలాలు. బంగాళాఖాతంలో అవి ఉన్నాయి, కానీ మన తీరంలో పడవ ఎక్కితే కనిపిస్తాయని నేను ఆశ పెట్టను. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒక తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. అంత జీవిని చచ్చి ఒడ్డున పడ్డాకే చూడవలసి రావడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. బతికున్నదాన్ని చూడాలని జనవరిలో శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సా వెళ్లాను. అక్కడ డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నీలి తిమింగలాల కాలం. తీరానికి కొద్ది దూరంలోనే సముద్రం లోతుగా మారుతుంది కాబట్టి అవి దగ్గరగా వస్తాయి.

తిమింగలాన్ని బైనాక్యులర్‌తో వెతకకండి. ఉత్త కళ్లతో దిగంతమంతా చూస్తూ ఉండండి. నీళ్ల మీద తెల్లటి ఊపిరి స్తంభంలా లేస్తుంది. చూపు అక్కడినుంచి కదల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. నేను అలాగే చేశాను. ఊపిరి, ఆ వెనక అంతూ పొంతూ లేకుండా జారిపోతున్న నీలి బూడిదరంగు వీపు, ఎక్కడో చివర అతి చిన్న రెక్క, ఆ తర్వాత తోక. ఎనిమిదిలో అదంతా ఒకే చూపులో పట్టింది. నా పక్కన నిలబడి పదితో చూస్తున్న స్నేహితుడికి తోక ఒక్కటే దక్కింది. ఒడ్డుకు వచ్చేదాకా అతను మాట్లాడలేదు.

మా హంసలదీవి సరంగుకు ఏ అద్దమూ అవసరం లేదు. టర్న్ పక్షులు ఒకచోట ముసిరితే కింద చేపల గుంపు ఉందని పడవ అటు తిప్పేస్తాడు. ఆయన చూపు వెంట చూడటం నేర్చుకున్నాకే నా బైనాక్యులర్‌కు పని దొరికింది.

8×42లో లోపాలు లేకపోలేదు. మడ అడవుల అంచున బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలు దీనికి చాలా దూరం. ఆటు సమయంలో వాటిని ఒడ్డున నిలబడి చూడాలంటే పదే తీసుకెళతాను. కుదుపును ఆపే ఎలక్ట్రానిక్ రకాలు ఉన్నాయి, ధర మాత్రం చాలా ఎక్కువ. ఏది కొన్నా నీరు చొరనిదై, అద్దాలకు లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపినదై ఉండాలి. కళ్లజోడు ఉన్నవారు కంటికీ అద్దానికీ మధ్య ఎంత దూరం ఇస్తుందో చూసుకోండి, 15 మిల్లీమీటర్లకు తగ్గితే అంచులు కనిపించవు. పడవలో కడుపులో తిప్పినట్టు ఉంటే వెంటనే బైనాక్యులర్‌ను దించి దిగంతం వైపు చూడండి.

హంసలదీవి వైపు వెళ్లేవారు కృష్ణా అభయారణ్యంలో ఎక్కడికి అనుమతి ఉందో అటవీ శాఖ వారిని అడిగి బయలుదేరండి. ఇంటికి రాగానే అద్దాలను ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి. ఉప్పు మీద గుడ్డ రుద్దితే గీతలు పడతాయి. నా పది మీద ఉన్న ఈ గీత అలా పడిందే, కెమెరాకు దగ్గరగా పెడతాను చూడండి.