ఇచ్చే కుంచం, పుచ్చుకునే కుంచం

(మే 20, ప్రపంచ తూనికలు కొలతల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైమంతా దానికే అయిపోతుంది, మన్నించండి. 1875లో ఇదే రోజున పారిస్‌లో మీటరు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అందుకని ఈ సభ. నన్ను అంతకంటే చాలా వెనక్కి వెళ్లి, సుమేరియన్ల కొలతల గురించి చెప్పమన్నారు.

సుమేరు అంటే ఇప్పటి దక్షిణ ఇరాక్. అక్కడి ఉరుక్ నగరపు తవ్వకాల్లో 5,000 ఏళ్లు దాటిన మట్టి పలకలు వేలల్లో దొరికాయి. మనిషి రాసిన తొలి రాతలు అవి. అందులో కవిత్వం లేదు, స్తోత్రాలు లేవు. ఎక్కువ భాగం లెక్కలే. ఇన్ని గొర్రెలు, ఇంత బార్లీ, ఇంత బీరు, ఇంత పొలం.

పిల్లలూ, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. గుండ్రటి పుల్లను తడి మట్టిలో నిటారుగా గుచ్చి తీస్తే చిన్న గుంట పడుతుంది కదా. గొర్రెల లెక్కలో ఆ గుంట విలువ 10. అదే గుంట బార్లీ లెక్కలో పడితే, ఒకటికి వేసే గుర్తుకు 6 రెట్లు. పొలం లెక్కలో పడితే 18 రెట్లు. ఇదేం గందరగోళం అని మీకు అనిపించవచ్చు. కొలిచే వస్తువేమిటో తెలియకుండా అంకె చదవడం వాళ్లకు కుదరదు, అంతే. మన పెద్దవాళ్లు కుంచానికి నాలుగు మానికలు, పుట్టికి ఇరవై తూములు అని ఏమాత్రం తడుముకోకుండా చెప్పేవాళ్లు కాదా?

తర్వాతి వెయ్యేళ్లలో కొలతలు కుదురుకున్నాయి. ధాన్యానికి సిల, అంటే ఇంచుమించు మన లీటరు. 300 సిలలైతే ఒక గుర్. తూకానికి 180 బార్లీ గింజలెత్తు ఒక గిన్, 60 గిన్‌లు ఒక 'మన' అనే తూకం, అంటే సుమారు అరకిలో. గంటకు 60 నిమిషాలు మనకు వచ్చింది కూడా ఆ అరవైల లెక్క నుంచే. సుమేరు అనగానే అందరూ చెప్పేది ఇదే, చెప్పి ఆపేసేదీ ఇక్కడే. నాకు బాధ కలిగించేది కూడా అదే.

ఎందుకంటే ఆ పలకల్లో కూలి వాళ్లున్నారు. 4,000 ఏళ్ల కిందట, ఊర్ అనే సుమేరు నగరపు రాజుల కాలంలో, మగ కూలికి నెలకు 60 సిలల బార్లీ. నేతశాలల్లో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి 30. పిల్లలకు ఇంకా తక్కువ. ముప్ఫై రోజులకు ముప్ఫై సిలలు! ఆ సిల అరచేతి మందాన తగ్గితే ఆ తల్లి ఏం తినాలి, బిడ్డకు ఏం పెట్టాలి?

ఈ మాట నేను పుస్తకం చదివి అనడం లేదు. మా అమ్మ కోతలకు వెళ్లేది. ఆషాఢంలో గింజలు నిండుకుంటే ఒక ఆసామి ఇంట్లో వడ్లు అప్పు తెచ్చేది. ఆయన పాలేరు అరుగు మీద కూర్చుని "లాభం... రెండు... మూడు" అంటూ కుంచంతో కొలిచేవాడు. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఇంటికి తెచ్చి మా మానికతో కొలిస్తే ప్రతి కుంచానికీ ఒక సోల తక్కువ వచ్చేది. సంక్రాంతికి తిరిగి కొలిచేటప్పుడు లోపలి గదిలోంచి వేరే కుంచం వచ్చేది. చూడ్డానికి రెండూ ఒకటే. అమ్మకు తెలుసు, కానీ అడగలేదు. వచ్చే ఆషాఢం ఉంది కదా! కుంచానికి పదహారు సోలలు. అంటే పదహారు కుంచాలకు ఒక కుంచం గాలికి పోయినట్టు. పైన వడ్డీ వేరే.

సుమేరు గురించి చెప్పమంటే సొంత గోడు చెబుతున్నాడనుకోకండి, అక్కడికే వస్తున్నాను. ఆ ఊర్ నగరాన్ని ఏలిన ఊర్-నమ్ము రాజు పేరు మీదున్న చట్టానికి ఒక పీఠిక ఉంది. దొరికిన చట్టాల్లో అన్నిటికంటే పాతది అదే. రాగితో కొలత పాత్ర చేయించి దాన్ని 60 సిలలకు స్థిరపరిచాననీ, కంచు సిల చేయించాననీ, తూకపు రాళ్లను సరిచేశాననీ అందులో రాయించారు. అనాథను ధనవంతుడికి, వితంతువును బలవంతుడికి అప్పగించలేదని అక్కడే ఉంది. ఒక గిన్ ఉన్నవాణ్ణి 60 గిన్‌లు ఉన్నవాడికి అప్పగించలేదని కూడా. కొలపాత్రా వితంతువూ ఒకే పీఠికలో ఎందుకున్నాయో మా అమ్మను అడిగితే చెప్పేది.

ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు బాబిలోన్‌లో హమ్మురాబి. ఆయన చట్టం చెక్కిన నల్లరాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద కొన్ని వరసలు తర్వాతి రాజెవరో చెరిపించేశాడు. పోయిన సూత్రాల్లో కొన్ని మట్టి పలకల మీది ప్రతుల్లో దొరికాయి. వాటిలో ఒకటి ఇది: వర్తకుడు ధాన్యాన్ని చిన్న కొలతతో అప్పిచ్చి పెద్ద కొలతతో వసూలు చేస్తే, ఇచ్చినదంతా వదులుకోవాల్సిందే.

మొదటిసారి ఇది చదివిన రోజు లైబ్రరీలో పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మ అప్పటికి లేదు.

ఆ ఆసామి ఇల్లు పడగొట్టినప్పుడు పాత ఇనుములో ఒక కుంచం దొరికితే కొన్నాను. లోపల అడుగున లక్క పోసి ఉంది, వేలు పెడితే తగులుతుంది. అమ్మ మానికతో పాటు దాన్ని ఇవాళ తెచ్చి, బయట వరండాలో బల్ల మీద పెట్టాను. పక్కనే బస్తాలో వడ్లున్నాయి. సభ అయ్యాక పిల్లలందరూ వచ్చి ఒక్కొక్కరూ స్వయంగా కొలవండి. మొదటిదాన్ని లాభం అనే అనండి.