విప్పని సెంట్రింగ్: థర్మోకోల్ ప్యానెళ్లతో కాంక్రీట్ బయటి గోడ పోసుడెట్ల

నమస్తే అన్నలు, అక్కలు. ఇయ్యాల నల్లగొండ పక్కన ఒక సైట్ మీద ఉన్న. నా ఎనక తెల్ల గోడ కనపడుతుంది గదా, దగ్గరికొచ్చి చూస్తే టీవీ డబ్బాల వచ్చే థర్మోకోల్ లెక్కనే ఉంటది. నిన్న సాయంత్రం ఊరోళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, వేలితో నొక్కి చూసి, "గిది గోడనా? గాలొస్తే నిలబడ్తదా?" అని అడిగిన్రు. అడగవలసిన మాటనే అడిగిన్రు. ఇప్పుడైతే నిలబడదు. రేపు పొద్దున 5 గంటలకు దీని నడుమ కాంక్రీట్ పోస్తం. అప్పుడు ఇది 6 అంగుళాల ఇనుప చువ్వల కాంక్రీట్, అంటే ఆర్‌సీసీ గోడ అయితది.

ముందు సామాన్ చూద్దాం. ఇగో, ఇది ఒక జత. రెండు దిక్కుల రెండు పలకలు, ఒక్కోటి రెండున్నర అంగుళాల మందం. నడుమ ఈ నల్ల ప్లాస్టిక్ పట్టీలు రెండిటినీ పట్టుకోని ఉన్నయి. పట్టీల మీద గాట్లు ఉన్నయి, అడ్డం చువ్వలు దాంట్ల కూసుంటయి. మామూలు సెంట్రింగ్ అంటే ప్లైవుడ్ కొడ్తం, పోస్తం, గట్టిపడ్డంక విప్పుతం. దీన్ని విప్పం. కాంక్రీట్ లోపల, థర్మోకోల్ దానికి రెండు దిక్కుల, ఇల్లు ఉన్నన్ని రోజులు గట్లనే ఉంటది. 1966ల కెనడా కాంట్రాక్టర్ వెర్నర్ గ్రెగోరి ఇసొంటి దిమ్మెకు పేటెంట్ పెట్టిండు. వాళ్లకు చలి బాధ, మనకు ఎండ బాధ. వేడి లోపలి నుంచి బయటికి పోకుండ ఆపేదైనా, బయటి నుంచి లోపలికి రాకుండ ఆపేదైనా అదే థర్మోకోల్.

మే నెలల మన దగ్గర 45 డిగ్రీలు దాటుడు మీకు నేను చెప్పవలసిన పని లేదు. పడమర గోడకు పగటి రెండు నుంచి ఎండ కొడ్తది, రాత్రి పది గంటలకు లోపల చెయ్యి పెడితే గోడ ఇంకా కాలుతుంటది. ఇటుక, కాంక్రీట్ వేడిని తాగి, మనం పండుకునే యాళ్లకు లోపలికి వదుల్తయి. థర్మోకోల్ నిండ గాలి బుగ్గలు, వేడికి దాంట్లకెళ్లి దారి దొరకదు. లెక్క చెప్త: 1 అంగుళం మంచి థర్మోకోల్ ఆపినంత వేడి ఆపాలంటే దాదాపు 20 అంగుళాల ఇటుక గోడ కట్టాలె. మన గోడకు రెండు దిక్కుల కలిసి 5 అంగుళాలు ఉంది.

కానీ ఒక మాట ముందే చెప్పాలె, లేకుంటే మీ పైసలు పోయినంక నన్ను అడుగుతరు. ఒకటే అంతస్తు ఇల్లయితే ఎండ ఎక్కువ కొట్టేది స్లాబ్ మీద. స్లాబ్ మీద ఏం వెయ్యకుండ, కిటికీలకు సజ్జలు పెట్టకుండ, గోడలు మాత్రం ఇట్ల కడ్తనంటే నేను వద్దనే అంట. ముందు స్లాబ్ సంగతి చూసుకోండి, తర్వాత గోడల కాడికి రండి.

సరుకు కొనేటప్పుడు తూకం వేసి తీసుకోండి. డబ్బాల వచ్చే తేలిక థర్మోకోల్ కాంక్రీట్ బరువుకు ఆగదు. ఘనపు మీటరుకు 24 కిలోలు, ఆ పైన ఉండాలె. 4 అడుగుల పొడుగు, 16 అంగుళాల ఎత్తు ఉన్న జతకు ప్లాస్టిక్ తీసేస్తే థర్మోకోల్ బరువే కిలోన్నర ఉంటది. అంతకన్న బాగ తక్కువ తూగితే వాపసు పంపండి. మంట త్వరగ అంటుకోని రకమేనా అని కూడ అడిగి, కాయితం చూడండి.

ఇప్పుడు పని. పునాది మీద, గోడ కింద వచ్చే ప్లింత్ బీమ్ పోసేటప్పుడే నిలువు చువ్వలు పైకి వదలాలె. ఇక్కడ 10 ఎమ్ఎమ్ చువ్వలు వదిలినం, పైన వచ్చే చువ్వతోటి కలిసేది 20 అంగుళాలు. బీమ్ లెవల్ నీళ్ల పైపుతో చూసినం. కింద పావు అంగుళం తేడా ఉంటే పైకి పోయేసరికి జతలు కలువవు, కాబట్టి మొదటి వరసకు అరపూట పోయినా బాధపడకండి. మూలల నుంచి మొదలుపెట్టి నడుమకు రావాలె, ఇటుకల లెక్కనే అతుకు మీద అతుకు రావద్దు.

చువ్వలు ఎన్ని అనేది మీ ఇంజనీర్ గీసిచ్చిన డ్రాయింగే చెప్పాలె, నా వీడియో గాదు. కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం గోడ కోత వైశాల్యంల అడ్డం చువ్వలు కనీసం 0.2 శాతం ఉండాలె. 6 అంగుళాల గోడకు అంటే 10 ఎమ్ఎమ్ చువ్వ 10 అంగుళాలకొకటి పడ్తది. మీ వరస ఎత్తు 12 అంగుళాలై, వరసకొకటే వేస్తే ఆ చువ్వ సరిపోదు, 12 ఎమ్ఎమ్ వెయ్యాలె. వరసకొకటి వేస్తే అయిపాయె అని 16 అంగుళాల వరసకు గూడ అదే 10 ఎమ్ఎమ్ వేసుడు నేను చూసిన. అట్ల వద్దు.

కిటికీల కాడికి రండి. ఇది కట్టె చట్రం, నడుమ అడ్డం నిలువు కట్టెలు బిగించినం, లేకుంటే కాంక్రీట్ బరువుకు చట్రం లోపలికి వంగుతది. అడుగు పలకకు రెండు బెజ్జాలు కనపడుతున్నయా? కిటికీ కిందికి కాంక్రీట్ పోవుడు, వైబ్రేటర్ పెట్టుడు ఆ బెజ్జాలకెళ్లే. ఏసీ పైపుకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు, నీళ్ల పైపుకు ఇప్పుడే పీవీసీ ముక్కలు పెట్టుకోండి. రేపు ఆర్‌సీసీల బెజ్జం కొట్టుడంటే మామూలు తిప్పలు గాదు. కరెంట్ పైపులు మాత్రం ఇప్పుడు పెట్టే పని లేదు. పోసినంక వేడి కత్తితో థర్మోకోల్‌ల గాడి కోస్తే పైపు, డబ్బా రెండూ పడ్తయి. వైరు మాత్రం పైపులకెళ్లే పోవాలె. వైరు పైన ఉండే ప్లాస్టిక్ థర్మోకోల్‌కు తగిలితే కొన్నేండ్లకు పెళుసుబారి పగులుతది.

ఇగ జాకీలు. లోపలి దిక్కు 5 అడుగులకొకటి నిలువు పట్టీ, దానికి ఏటవాలుగ జాకీ, అంటే తిప్పి పొడుగు పెంచి తగ్గించే ఆసర. దీనికి నేను రెండు కారణాలు చెప్త. ఒకటి మన గాలిదుమారం. ఎండకాలం సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తది, ఖాళీ థర్మోకోల్ గోడ పక్క చేన్ల పడ్తది. వరసలు లేపిన రోజే సాయంత్రంలోపు జాకీలు పడాలె. రెండోది పోసేటప్పుడు గోడ వంగకుండ నిటారుగ పెట్టుడు. గోడ పైన ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టినం, తాడుకు గోడకు నడుమ అంగుళం సందు. పోస్తుంటే ఆ సందు ఎక్కడ పెరిగినా, తగ్గినా అక్కడి జాకీ అప్పుడే తిప్పాలె. గట్టిపడ్డంక తిప్పుతే గోడ కదలదు.

ఇప్పుడు అసలు ముచ్చట. కొంచెం నిదానంగ చెప్త, మీరు కూడ నిదానంగ వినండి.

మామూలు సెంట్రింగ్ విప్పినప్పుడు గోడకు తేనెతుట్టె లెక్క బొక్కలు కనపడ్తే, కనీసం తెలుస్తది, బాగు చేస్తం. ఇక్కడ విప్పుడే లేదు. లోపల బొక్క పడ్డా, చువ్వ తేలినా, పైన తెల్లగ అందంగనే కనపడ్తది. నేను కట్టిన తొలి గోడల్ల ఒకదానికి స్విచ్ డబ్బా కోసం కిటికీ కింద థర్మోకోల్ కోస్తుంటే కత్తి ఆగలేదు. చెయ్యి పెడితే చువ్వ తగిలింది. అడుగు పొడుగు కాంక్రీటే లేదు. ఆ రోజు తిండి సయించలేదు నాకు. ఆ ఇంట్ల పిల్లలు పండుకుంటరు గదా. ఆ గోడ పొడుగూత కోసి చూసి, ఖాళీ ఉన్న కాడల్ల నింపినంకనే పని ముందుకు జరిపిన. కిటికీ అడుగు పలకకు బెజ్జాలు పెట్టుడు అప్పటి నుంచే అలవాటయింది.

అందుకే కాంక్రీట్ కొంచెం జారుడుగ ఉండాలె, స్లంప్, అంటే పచ్చి కాంక్రీట్ నింపిన కోన్ డబ్బా లేపితే అది కిందికి కుంగే కొలత, 5 నుంచి 6 అంగుళాలు. ఆ జారుడు నీళ్లు పోసి తెచ్చేది గాదు, ప్లాస్టిసైజర్ అనే జారుడు మందు వేసి తేవాలె. నీళ్లు పోస్తే బలం పోతది. 20 ఎమ్ఎమ్ కంకర వద్దు, చువ్వలకు పట్టీలకు నడుమ ఇరుక్కుంటది. 10, 12 ఎమ్ఎమ్ కంకర చెప్పండి. నీళ్ల గురించి అడుగుతరు, నల్లగొండ బోరు నీళ్లు పనికొస్తయా అని. మన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉందని లోకమంత తెలుసు. అది మన పండ్లను, ఎముకలను తిన్నది. చువ్వను తినేది మాత్రం క్లోరైడ్, అంటే ఉప్పు. ఆర్‌సీసీకి లీటరు నీళ్లల్ల క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటొద్దని ఐఎస్ 456 చెప్తది. బోరు నీళ్లు ఉప్పగ అనిపిస్తే ల్యాబుల చూపించి వాడండి.

పోసుడు. మా కాడ పనిచేసే గ్యాంగ్ పాలమూరోళ్లు. దేశంల ఎన్ని ప్రాజెక్టుల మీద పాలమూరు లేబర్ చెమట పడ్డదో మీకు తెల్సు, కాంక్రీట్ గురించి వాళ్లకు నేను చెప్పేది ఏం లేదు. ఒక్కటే మాట మళ్లమళ్ల చెప్త: స్లాబ్ పోసేటప్పుడు వేగమే పనితనం, ఇక్కడ గాదు. ఘనపు అడుగు పచ్చి కాంక్రీట్ 68 కిలోలు తూగుతది. 3 అడుగులు పోస్తే అడుగున చదరపు అడుగు మీద 200 కిలోల ఒత్తిడి. అదే 10 అడుగులు ఒక్కపారి నింపితే 680 కిలోలు. ఆపేది ఏంది? థర్మోకోల్, ప్లాస్టిక్ పట్టీ. పగులుతది, కాంక్రీట్ అంత బయట పడ్తది.

కాబట్టి 3 అడుగులు పోసి ముందుకు పోవాలె, ఇల్లు చుట్టు తిరిగి గంటకు మళ్ల మొదటికి రావాలె. అప్పటికి అడుగుది కొంచెం బిగుసుకుంటది, ఒత్తిడి తగ్గుతది. బాగ బిగుసుకోనిస్తే మాత్రం పాత కొత్త నడుమ అతుకు పడ్తది, అది ఇంకో తప్పు. ఎండల ఆ సందు చిన్నగైపోతది, అందుకే పొద్దున 5 గంటలకు మొదలుపెడుతున్నం. పంపు పైపు చివరకు సన్న గొట్టం పెట్టి, రెండు వంపులు తిప్పినం, కాంక్రీట్ వడిగ పడకుండ. ఎత్తు నుంచి వదిలితే కంకర ఒక దిక్కు, గుజ్జు ఒక దిక్కు అయితది. 5 అడుగుల కన్న పైనుంచి వదలొద్దు. మూలల పైపు పెట్టొద్దు, మూలకు 2 అడుగుల ఈవల పోస్తే అదే నడుచుకుంట పోతది.

వైబ్రేటర్ సన్నది, 25 ఎమ్ఎమ్ సూది. జల్ది దించాలె, మెల్లగ తీయాలె, ఒక్క కాడనే ఉంచొద్దు. ఒకరు వైబ్రేటర్ పట్టుకుంటే ఇంకొకరు బయటి నుంచి రబ్బరు సుత్తెతో కొట్టి చూడాలె. వినండి, ఇది ఖాళీ గోడ: డబ్బు డబ్బున మోగుతుంది. నిండిన కాడ ఆ మోత రాదు, దబ్బుమని ఆగిపోతది. ఆ పని చెవి మంచిగున్నోళ్లకు ఇయ్యండి. అనుమానం వచ్చిన కాడ రెండు అంగుళాల ముక్క కోసి చూసి, మళ్ల అదే ముక్క ఫోమ్‌తో అతకండి. కిటికీల కింద, మూలల నేనైతే అనుమానం లేకున్నా కోస్త.

పోస్తుంటే ఎక్కడన్నా పలక ఉబ్బితే అరవకండి, ఉరకకండి. పంపు ఇంకో దిక్కుకు మలపండి. ఉబ్బిన కాడ లోపలి కాంక్రీట్ కొంత తీసి, ప్లైవుడ్ ముక్క పెట్టి పట్టీలకు స్క్రూలు బిగించి, కట్టె ఆనిచ్చి, అరగంట ఆగి మళ్ల పోయండి. దానికి ప్లైవుడ్, స్క్రూలు, కట్టెలు ఇప్పుడే గోడ పక్కన పెట్టుకోవాలె, ఇగో ఇక్కడ పెట్టినం.

క్యూరింగ్ సులువే. రెండు దిక్కుల థర్మోకోల్ ఉంది కాబట్టి తేమ పక్కలకు పోదు, తెరిచి ఉన్న గోడ పైఅంచు మీద తడి గోనె సంచులు కప్పి పది రోజులు తడుపుతే చాలు. నీళ్లకు ఎదురుచూసే ఊర్లల్ల ఇది చిన్న సంగతి గాదు.

తర్వాత ఎండ. థర్మోకోల్‌ను నెలలకు నెలలు ఎండకు వదిలితే పైన పసుపు పొడి లేస్తది, దాని మీద ఏ పూతా పట్టదు. అట్ల లేస్తే ముందు ఆ పొడి గీకి తీయాలె. నున్నటి థర్మోకోల్‌కు ఉత్త సిమెంట్ మాల్ అంటుకోదు. ఫైబర్ జాలి పెట్టి, దానికని వచ్చే అంటుకునే మాల్‌తో ప్లాస్టర్ చెయ్యాలె. కింద 2 అడుగులు ఇనుప జాలి వేసి మందంగ చెయ్యండి, బర్రెల కొమ్ములు, ఎలుకలు ఉండనే ఉన్నయి. లోపలి దిక్కు కూడ ఒక్క జానెడు థర్మోకోల్ తెరిచి ఉంచొద్దు, మంటొస్తే ముందు కరిగేది, పొగ వచ్చేది అదే. చెదలు థర్మోకోల్‌ను తినయి, కానీ దాంట్ల దారి చేసుకోని పైన తలుపు చట్రం దాక పోతయి. అందుకే భూమికి తగలకుండ ప్లింత్ పైనుంచే మొదలుపెట్టినం, అడుగున చెద మందు కొట్టినం. పునాది కాడ పూసే తారు మందుల పెట్రోల్ జాతి ద్రావకం ఉంటే థర్మోకోల్ కండ్ల ముందట్నే కరిగిపోతది. నీళ్లతో కలిపే రకమే వాడండి.

అగో, పడమర దిక్కు మబ్బు పట్టింది, దుమ్ము లేస్తుంది. మా మేస్త్రి జాకీలు బిగించుకుంట వస్తుండు. ఆ మూల జాకీ ఒకటి వదులున్నట్టు కనపడుతుంది, కెమెరా ఆపి నేను కూడ పోత. పొద్దున 5 గంటలకు పంపు వచ్చినంక ఇక్కడి నుంచే మళ్ల మొదలుపెడ్దాం.